సాల్మన్ పిల్లలకు ఆరు వారాల చీకటి ఎందుకు? మంచినీటి హేచరీపై చర్చ

తరమణి వాసి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు, ఉద్యోగరీత్యా పన్నెండేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. నార్వే పడమటి తీరంలోని ఒక సాల్మన్ హేచరీలో నీటి ఉష్ణోగ్రతను, ప్రాణవాయువును, దీపాలను, మేత యంత్రాలను చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసే చిన్న బృందంలో పని చేస్తున్నాను. ఆ చేపలను తెర మీద అంకెల రూపంలో తప్ప నేనెన్నడూ చూడలేదు.

పోయిన నెలలో నా చేతి మీదుగా ఒక పొరపాటు జరిగింది. ఒక షెడ్డులో ఆరు వారాల పాటు రోజుకు 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి ఉండాలని వారు మాకు పట్టిక ఇచ్చారు. నేను చేసిన ఒక మార్పులో వేళల లెక్క తప్పడం వల్ల నాలుగో వారంలో వరుసగా నాలుగు రాత్రులు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్క చేప కూడా చావలేదు, మేత తగ్గలేదు, నీటి లెక్కలన్నీ సవ్యంగానే ఉన్నాయి. అయినప్పటికీ అక్కడి మేనేజరు గారు ఫోనులో కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "వీటికి చలికాలాన్ని మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి" అని మాత్రం అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మా నాన్నగారు కొల్లేరు పక్కన ఇరవై ఏళ్లు బొచ్చె, శీలావతి చెరువులు చేశారు. గట్టు మీద దీపం కావలి కోసం పెట్టేవారే గాని చేప కోసం పెట్టగా నేను చూడలేదు. మంచినీటి తొట్టిలో పెరిగే పిల్ల చేపకు రాత్రి చీకటి అంత ముఖ్యం ఎందుకైంది? తెలిసినవారు గుడ్డు దశ నుంచి వివరంగా చెప్పగలిగితే, చేసిన తప్పేమిటో కనీసం అర్థం చేసుకుంటాను.

మరక్కాణం హేచరీ | శనివారం, రాత్రి 10:25

నేను నెల్లూరు వాణ్ణి, మరక్కాణం దగ్గర రొయ్య హేచరీలో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. మా దగ్గర నాప్లీ అనే తొలి పిల్ల దశ నుంచి పీఎల్ అనే ముదురు పిల్ల దశకు రావడానికి పది పన్నెండు రోజులు, ఆపైన మరో పది పన్నెండు రోజులు పెంచి సీడ్‌ను రైతుకు అప్పగిస్తాం. నెల తిరిగేలోపు ట్యాంకు ఖాళీ అయి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ నింపుకుంటాం. ఒక బ్యాచ్ పోయినా నెలలోపే కోలుకోవచ్చు. సాల్మన్ హేచరీలో ఒక బ్యాచ్ ఏడాది దాకా చేతిలో ఉంటుందని విన్నాను. మా పనిలో వెలుతురు ఆల్గే పెంచడానికే గాని, పిల్లకు కాలం చెప్పడానికి వాడటం నాకు పూర్తిగా కొత్త విషయం. నేనూ వినడానికి కూర్చున్నాను.

చలినీళ్లు | ఆదివారం, ఉదయం 7:15

తరమణి వాసి గారికి, నేను నార్వేలో సాల్మన్ హేచరీలలో తొమ్మిదేళ్లు పని చేసి, ఇప్పుడు పిల్లల చదువు కోసం వేళచ్చేరిలో స్థిరపడ్డాను. మీరు గుడ్డు దశ నుంచి అడిగారు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. సాల్మన్ మంచినీటిలో పుట్టి సముద్రంలో పెరిగే చేప; పిల్లను సముద్రానికి సిద్ధం చేసి పంపడమే హేచరీ పని. చీకటి సంగతి చివరికి వస్తుంది. కానీ ముందున్న దశలు తెలియకపోతే అది అర్థం కాదు.

శరదృతువులో తల్లి చేపల పొట్ట నొక్కి గుడ్లు తీస్తారు. బఠాణీ గింజ అంత ఉంటాయి, 5 నుంచి 6 మిల్లీమీటర్లు. రంగు పండిన నారింజ తొన రంగు. గిన్నెలో గుడ్ల మీద మగ చేప పాలు, అంటే వీర్యం, పోసి, నీరు తగలకుండా కలిపి, ఆ తర్వాతే నీరు చేరుస్తారు. నీరు తగిలిన క్షణం నుంచి పాలలోని కణాలకు ఆయుష్షు ఒక నిమిషం కూడా ఉండదు గనుక ముందు పొడిగా కలపడంలోనే ఫలదీకరణమంతా ఉంది. నీరు పీల్చుకున్నాక గుడ్డు గట్టిపడుతుంది. అప్పటి నుంచి లోపల కళ్లు నల్లటి చుక్కలుగా కనిపించే వరకు వాటిని కదపకూడదు. ట్రే అంచుకు మోచేయి తగిలినా పై అధికారి ముఖం మారిపోయేది.

కళ్లు కనిపించాక గుడ్డు కుదుపుకు తట్టుకుంటుంది, దేశాలు దాటించేదీ ఈ దశలోనే. అప్పుడు వాటిని కావాలనే కొంచెం ఎత్తు నుంచి నీటిలోకి వంపుతారు. లోపల ప్రాణం లేనివి ఆ కుదుపుకు తెల్లబడతాయి. ఆ తెల్లవాటిని ఏరేయాలి, లేకపోతే దూదిలాంటి బూజు పట్టి పక్కన ఉన్న మంచి గుడ్లను కూడా చుట్టేస్తుంది. నేను చేరిన మొదటి చలికాలమంతా 6 డిగ్రీల నీటిలో పట్టకారుతో తెల్ల గుడ్లు ఏరడంతోనే గడిచింది. గంట తర్వాత వేళ్లు నావో కావో తెలిసేది కాదు. అయినా ఎర్రటి గుడ్ల మధ్య తెల్లది కంటికి తగలగానే చెయ్యి దానంతట అదే వెళ్లేది.

పొదిగిన పిల్ల చేపలా ఉండదు. పొట్ట కింద తనకంటే బరువైన సొన సంచిని మోస్తూ ట్రే అడుగున పక్కకు పడి ఉంటుంది. దీనిని అలెవిన్ అంటారు. నదిలో అయితే గులకరాళ్ల సందుల్లో చీకట్లో ఉంటుంది గనుక హేచరీలో కూడా చీకటిగానే ఉంచి, అడుగున గరుకు చాపలాంటిది పరుస్తారు. ఆనుకోవడానికి ఏమీ లేకపోతే నిలబడటానికి అదే పనిగా కొట్టుకుంటూ, ఒళ్లు పెంచుకోవలసిన సొనను ఆ కదలికకే ఖర్చు చేసుకుంటుంది. సొన దాదాపు అయిపోయాక పైకి లేచి, నీటి పైపొరను చీల్చి ఒక గుక్క గాలి మింగి, గాలితిత్తిని నింపుకుంటుంది. ఆ రోజు నుంచి అర మిల్లీమీటరు మేత, నిరంతర వెలుతురు, 12 నుంచి 14 డిగ్రీల నీరు ఇస్తాం. మొదటి మేత రోజులు తప్పితే, ఆ పిల్ల మేత తినడం నేర్చుకోకుండానే గుండుసూదిలా సన్నబడి పోతుంది.

మిగతాది సాయంత్రం రాస్తాను.

ముట్టుకాడు విద్యార్థిని | ఆదివారం, ఉదయం 9:05

అక్కా, ఒక సందేహం. మా పాఠాల్లో "డిగ్రీ-రోజులు" అనే లెక్క వచ్చింది. అది హేచరీలో నిజంగా వాడతారా, లేక పరీక్షల కోసమేనా?

చలినీళ్లు | ఆదివారం, ఉదయం 9:30

అమ్మా, మేము క్యాలెండరు చూసేవాళ్లమే కాదు, డిగ్రీ-రోజులే చూసేవాళ్లం. నీటి సగటు ఉష్ణోగ్రతను రోజుల సంఖ్యతో గుణిస్తే వచ్చేది అది. అట్లాంటిక్ సాల్మన్ గుడ్డులో కళ్లు కనిపించడానికి సుమారు 250, పొదగడానికి సుమారు 500, మొదటి మేతకు 800 పైన డిగ్రీ-రోజులు పడుతుంది. నీరు 8 డిగ్రీలు ఉంటే 62 రోజుల్లో పొదుగుతుంది. 6 డిగ్రీలు ఉంటే 83 రోజులు. మొదటి మేత రోజున షెడ్డులో ఎంతమంది మనుషులు ఉండాలో రెండు నెలల ముందే గోడ మీద రాసిపెట్టేవాళ్లం.

అయితే నీటిని వేడి చేసి తొందరగా పొదిగిద్దామంటే కుదరదు. గుడ్డు దశలో 8 డిగ్రీలు దాటించి నడిపితే వెన్నుపూసలు అతుక్కుపోవడం, గుండె ఆకారం చెడటం లాంటి లోపాలు పెరుగుతాయి. అవి అప్పుడు కనిపించవు. ఏడాది తర్వాత సముద్రంలో పొట్టిగా, వంకరగా బయటపడతాయి. అప్పటికి హేచరీవాడు బిల్లు తీసుకుని ఉంటాడు, నష్టం సముద్రంలో వల పంజరాల్లో చేపను పెంచే రైతుది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

గోదారిగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:50

రాజమండ్రి వాణ్ణి, రిటైరయ్యాక అబ్బాయి దగ్గర మడిపాక్కంలో ఉంటున్నాను. ఈ చేప కథ వింటుంటే మన పులస గుర్తుకు వస్తోంది. పులస కూడా సముద్రంలో పెరిగి, వరద నీరు ఎర్రబడే వేళకు గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు విలస అని తక్కువ ధరకు ఇచ్చేదాన్నే నదిలో ఈదాక "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట దాటి అది పైకి పోలేదు గనుక ఆ దిగువనే పట్టేస్తారు. ఉప్పునీటి చేప మంచినీటికీ, మంచినీటి పిల్ల ఉప్పునీటికీ ఎలా అలవాటు పడుతుందో మాకెవరూ చెప్పలేదు. సాల్మన్ పిల్ల సముద్రానికి సిద్ధపడేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పగలరా, అమ్మా?

చలినీళ్లు | ఆదివారం, రాత్రి 8:40

బాబాయి గారూ, తరమణి వాసి గారి ప్రశ్నకూ మీ ప్రశ్నకూ జవాబు ఒకటే.

చేప రక్తంలోని ఉప్పు మంచినీటి కంటే ఎక్కువ, సముద్రపు నీటి కంటే తక్కువ. మంచినీటిలో ఉన్నంత కాలం నీరు మొప్పల గుండా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. అందుకని పిల్ల నీరు తాగదు; మూత్రపిండాలు పల్చటి మూత్రాన్ని ధారగా వదులుతాయి, మొప్పలు నీటిలో ఉన్న కొద్దిపాటి ఉప్పును ఏరి లోపలికి తీసుకుంటాయి. అదే పిల్లను సముద్రంలో వేస్తే అంతా తలకిందులవుతుంది. ఉప్పు చల్లిన మామిడి ముక్క ఊట వదిలినట్టు ఒంట్లోని నీరు బయటికి పోతుంది. అప్పుడు చేప సముద్రపు నీటినే తాగాలి, తాగిన ఉప్పును మొప్పల నుంచి బయటికి నెట్టాలి. అంటే ఉప్పును లోపలికి లాగే మొప్ప ఉప్పును బయటికి తోడే మొప్పగా మారాలి. దీనికి మొప్పల్లోని కొన్ని కణాలు పెరిగి, వాటిలో సోడియం-పొటాషియం పంపు అనే ఎంజైము బాగా ఎక్కువవుతుంది. ఈ మొత్తం మార్పే స్మోల్ట్ కావడం.

నదిలో సహజంగా పెరిగే పిల్ల దీనికి రెండు నుంచి ఐదేళ్లు తీసుకుంటుంది. ఆ దశలో దాని ఒంటి మీద వేలిముద్రలు పెట్టినట్టు నిలువు మచ్చలు ఉంటాయి. దాన్ని పార్ అంటారు. తన చోటు తాను కాపలా కాసుకుంటూ, ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. శీతాకాలం గడిచి వసంతంలో పగలు పొడవు పెరుగుతున్న కొద్దీ మచ్చలు మాయమై, ఒళ్లు వెండిలా మెరిసి, రెక్కల అంచులు నల్లబడి, తోక వైపు సన్నబడి, గుంపు కట్టి ప్రవాహంతో పాటు కిందికి దిగడం మొదలుపెడుతుంది. చేతిలోకి తీసుకుంటే పొలుసులు వెండి రేకుల్లా అరచేతికి అంటుకుంటాయి. పార్ దశలో అవి ఒంటిని అంత సులభంగా వదలవు.

ఇప్పుడు చీకటి సంగతి. పిల్లకు క్యాలెండరు పగటి పొడవే. పొట్టి పగళ్లు గడిచాక పొడుగు పగళ్లు వస్తేనే "చలికాలం పోయింది, సముద్రానికి వేళయింది" అని కంటి నుంచి, తల పైభాగంలోని పీనియల్ గ్రంథి నుంచి మెదడుకు కబురు వెళ్లి, పెరుగుదల హార్మోను, కార్టిసాల్ లాంటివి మొప్పను మార్చడం మొదలుపెడతాయి. హేచరీలో ఈ చలికాలాన్ని మేము సుమారు 6 వారాల 12 గంటల వెలుతురుగా కుదించి, ఆ తర్వాత 24 గంటల వెలుతురు ఇస్తాం. మీ పొరపాటు వల్ల నాలుగో వారంలో నాలుగు రాత్రులు దీపాలు వెలిగితే, కొన్ని పిల్లలకు వసంతం వచ్చేసినట్టు, మళ్లీ చీకటి రాగానే రానట్టు అవుతుంది. ఒకే తొట్టిలో కొన్ని ముందు, కొన్ని వెనుక, కొన్ని సగంలో ఆగిపోతాయి. మంచినీటిలో ఉన్నంతసేపు వాటిలో తేడా తెలియదు. సముద్రంలో దించిన రెండు మూడు వారాలలో సిద్ధం కానివి ఎండుకుపోతూ చస్తాయి. మేనేజరు గారు మౌనంగా ఉన్నది ఆ మూడు వారాలను ముందే చూసి. వారు చేసిన నిర్ణయం సరైనదే.

తరమణి వాసి | ఆదివారం, రాత్రి 10:10

అక్కా, ఇది చదివాక చేసిన తప్పు బరువు తెలిసింది, భయం మాత్రం కొంత తగ్గింది. ఒక్క మాట అడుగుతాను. సరిగ్గా మారిందో లేదో సముద్రంలో వేయకముందే తెలుసుకునే మార్గం ఉందా? మా తెర మీద అలాంటి అంకె ఏదీ లేదు.

చలినీళ్లు | ఆదివారం, రాత్రి 10:35

ఉంది. కొన్ని చేపలను సముద్రమంత ఉప్పున్న నీటిలో, అంటే లీటరుకు 34 గ్రాముల ఉప్పులో, 24 గంటలు ఉంచి రక్తంలో క్లోరైడు కొలుస్తారు. లీటరుకు సుమారు 150 మిల్లీమోల్‌ల లోపు నిలబడితే మొప్ప పని చేస్తున్నట్టు. మొప్ప నుంచి చిన్న ముక్క తీసి ఎంజైమును కొలిచే పద్ధతి కూడా ఉంది. ఈ సిద్ధత ఎల్లకాలం నిలవదు. మంచినీటిలోనే ఉంచేస్తే కొన్ని వారాలకు వెనక్కు పోయి, మళ్లీ మంచినీటి చేప అయిపోతుంది. చేపలను సముద్రానికి తీసుకెళ్లే పడవను బుక్ చేసేవారూ, దీపాలను చూసేవారూ ఒకరి లెక్క మరొకరికి తెలిసేలా ఉండాలి. మీ తెర మీద పడవ తేదీ ఉందా?

తరమణి వాసి | ఆదివారం, రాత్రి 10:41

లేదు. రేపే అడుగుతాను.

పంపు గది | సోమవారం, ఉదయం 6:50

నేను నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే వ్యవస్థలను, అంటే ఆర్ఏఎస్‌లను, డిజైన్ చేసేవాణ్ణి. గుంటూరు జిల్లా వాణ్ణి, ప్రస్తుతం పల్లికరణైలో ఉంటున్నాను. చేప ఒళ్లు గురించి అక్క చెప్పారు, తొట్టి ఒళ్లు గురించి నేను చెబుతాను. ఎందుకంటే తరమణి వాసి గారు చూసే అంకెల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

పాత సాల్మన్ హేచరీలు సరస్సు నీటిని ఒక వైపు నుంచి తీసుకుని మరో వైపు వదిలేసేవి. ఇప్పటి వాటిలో చాలా వరకు అదే నీటిని వడకట్టి తిప్పుతాయి. చేప విసర్జించే అమ్మోనియాను బయోఫిల్టర్‌లోని బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని అలా మార్చడానికి దాదాపు 4.6 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది, కాల్షియం కార్బొనేటు లెక్కలో 7 గ్రాముల పైచిలుకు క్షారత తగ్గుతుంది. ఆ క్షారతను సోడా రూపంలో తిరిగి వేయకపోతే నీటి పీహెచ్ జారిపోతుంది. చల్లని నీటిలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది గనుక, చేప రాకముందే ఫిల్టరును తయారుచేసి ఉంచుకోవాలి.

మన చెరువు రైతులు గోధుమరంగు రక్తం అనేది నైట్రైటు దెబ్బే. సాల్మన్‌కూ అదే వస్తుంది. అందుకు మందు ఉప్పు. నైట్రైటు మొప్పలోకి దూరే దారి క్లోరైడు దారే గనుక, నీటిలో క్లోరైడు ఎక్కువ ఉంటే నైట్రైటు వెనకబడుతుంది. పేరుకు మంచినీటి హేచరీ అయినా, ఈ కారణంగా అక్కడ ఉప్పు బస్తాలు కనిపిస్తాయి.

కార్బన్ డయాక్సైడును మనవాళ్లు తరచుగా మరచిపోతారు. కిక్కిరిసిన తొట్టిలో ప్రాణవాయువును సిలిండరుతో ఎంతైనా ఇవ్వవచ్చు, కానీ చేప వదిలిన వాయువును గాలి ఊది బయటికి పంపకపోతే అది పేరుకుంటుంది. నార్వేలో లీటరుకు 15 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టుకుంటారు. డీఓ, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, బాగుందని పచ్చరంగు చూపించే తెర, దాని పక్కనే కార్బన్ డయాక్సైడు అంకె లేకపోతే, సగం నిజమే చెబుతోంది. ఇంకొకటి హైడ్రోజన్ సల్ఫైడు. పైపు మూలల్లో మడ్డి పేరుకుని గాలి తగలని చోట అది పుడుతుంది, ముఖ్యంగా పెద్ద స్మోల్ట్‌ల కోసం నీటిలో సముద్రపు నీరు కలిపే హేచరీలలో, ఎందుకంటే సముద్రపు నీటిలో సల్ఫేటు ఎక్కువ. అది పుట్టిందంటే కొద్ది గంటల్లో తొట్టి ఖాళీ అవుతుంది. నీరు నిలిచిపోయిన పైపును తిరిగి తెరిచే ముందు కడిగి తీరాలి. ఈ ఒక్క పనిని ఏ సాఫ్ట్‌వేరూ మనిషి తరఫున చేయలేదు.

చెంగల్పట్టు రైతు | సోమవారం, మధ్యాహ్నం 1:20

నాకు చెంగల్పట్టు దగ్గర నాలుగెకరాలు ఉన్నాయి. చెన్నై సూపర్ మార్కెట్లలో ఐసు మీద పెట్టిన సాల్మన్ ముక్క ధర చూశాక ఇక్కడే హేచరీ పెడితే ఎలా ఉంటుందని ఆలోచన వచ్చింది. కాశిమేడు చేపల రేవులో "ఇండియన్ సాల్మన్" అని అమ్మేది ఇదేనా? పెద్దలు దయచేసి నిజం చెప్పండి, పెట్టుబడి నాన్నగారి పొదుపు.

మరక్కాణం హేచరీ | సోమవారం, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, కాశిమేడులో ఆ పేరుతో అమ్మేది తమిళంలో కాలా మీన్, మన తీరంలో మాగ. సాల్మన్‌తో దానికి చుట్టరికం లేదు. ఇక గుడ్లు తేవడం అంటావా, విదేశీ జలచరాలను ప్రాణంతో తేవడానికి కేంద్రం అనుమతి, క్వారంటైన్ ఉండాలి. మా వనామి తల్లి రొయ్యలన్నీ విమానం దిగాక నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలు ముగిసిన తర్వాతే మాకు చేరతాయి. ఆ దారి లేకుండా ఎవరైనా గుడ్లు ఇప్పిస్తామంటే నమ్మవద్దు.

పంపు గది | సోమవారం, సాయంత్రం 6:30

లెక్క చూడండి. ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 1.16 యూనిట్ల వేడిని తీసేయాలి. మన బోరు నీరు 29 డిగ్రీలు. పిల్లలకు 13 కావాలి. 16 డిగ్రీలకు దాదాపు 18.6 యూనిట్ల వేడి. మంచి చిల్లర్ ఒక యూనిట్ కరెంటుతో నాలుగు యూనిట్ల వేడిని తీస్తుందనుకున్నా, ఒక్క ఘనపు మీటరుకు నాలుగున్నర యూనిట్లకు పైనే. తిప్పి వాడే వ్యవస్థలో కొత్త నీరు కొద్దిగానే చేరుస్తాం గనుక ఇది భరించవచ్చు, కానీ గోడల నుంచి, పంపుల నుంచి వచ్చే వేడిని ఏడాది పొడవునా తీయాలి. మే నెలలో కరెంటు పోతే జనరేటరు మీద ప్రాణవాయువునూ, చిల్లర్‌నూ రెంటినీ నిలపగలగాలి.

ఇదంతా చేసినా స్మోల్ట్‌ను ఎక్కడికి పంపుతారు? బంగాళాఖాతం పైపొర 27 నుంచి 30 డిగ్రీలు ఉంటుంది. ఆ నీటిలో సాల్మన్ బతకదు. ఇక్కడ స్మోల్ట్‌కు సముద్రమే లేదు. అమ్మకం బరువు వరకు ఒడ్డునే చల్లని తొట్లలో పెంచాలి, అంటే హేచరీకి పది రెట్ల పైచిలుకు స్థలం, కరెంటు కావాలి. నా సలహా వద్దనే.

ముట్టుకాడు విద్యార్థిని | సోమవారం, రాత్రి 8:15

నేను కొంచెం విభేదిస్తాను, అన్నయ్యా. సాల్మన్ కాకపోయినా దాని కుటుంబానికే చెందిన రెయిన్‌బో ట్రౌట్‌ను రంగారెడ్డి జిల్లాలో చల్లబరిచిన ఆర్ఏఎస్‌లో పెంచుతున్నారు. ట్రౌట్ మంచినీటిలోనే పెరిగి పెద్దదవుతుంది గనుక స్మోల్ట్ సమస్య లేదు. పైగా మనం ఉంటున్న తమిళనాడులోనే, నీలగిరులలోని అవలాంచిలో 1907 నుంచి ట్రౌట్ హేచరీ ఉంది. మద్రాసు ప్రభుత్వ కాలంలో హెచ్.సి. విల్సన్ నెలకొల్పినది. అక్కడ చిల్లర్ అవసరం లేదు, కొండే చల్లబరుస్తుంది.

సముద్రతీరానికి దగ్గరగా ఉన్నవారికి పండుగప్ప ఉంది. చెన్నైలోని ఉప్పునీటి చేపల పెంపక పరిశోధన సంస్థ సీబా శాస్త్రవేత్తలు 1997లో దాని పిల్లలను హేచరీలో ఉత్పత్తి చేశారు. అది సాల్మన్‌కు తిరగబడిన కథ: గుడ్లు ఉప్పునీటిలో పెడుతుంది, పిల్లలు మంచినీటి వైపు వస్తాయి. ముట్టుకాడులో మా దగ్గర నర్సరీలో పెద్ద పిల్ల చిన్న పిల్లను మింగేస్తుంది గనుక కొద్ది రోజులకోసారి గ్రేడింగ్ చేస్తాం, అంటే సైజుల వారీగా వేరు చేస్తాం. మొన్న ఒక పిల్ల నోట్లో తనంతే ఉన్న మరో పిల్ల తోక ఇంకా ఆడుతూ కనిపించింది, రెండూ బతకలేదు. చెంగల్పట్టు రైతు గారు ఆ నీటికి సరిపడే చేపను ముందు చూసి వస్తే మంచిది.

పంపు గది | సోమవారం, రాత్రి 8:50

ట్రౌట్ విషయంలో మీ మాట నిజమే, అమ్మా. సాల్మన్‌కు చెప్పిన "వద్దు"ను ట్రౌట్‌కు నేను చెప్పను. పండుగప్పకైతే చిల్లర్ అక్కరలేదు గనుక, తమ్ముడు మొదట ముట్టుకాడు వెళ్లి రావాలి.

మరక్కాణం హేచరీ | సోమవారం, రాత్రి 9:30

సాల్మన్ పిల్లకు టీకా వేస్తారని విన్నాను. లక్షల పిల్లలకు ఒక్కొక్కదానికి సూది వేయడం నిజమేనా? రొయ్యకు మన దగ్గర అలాంటిది లేక ప్రతి వైరసుకూ కుదేలవుతున్నాం.

చలినీళ్లు | మంగళవారం, ఉదయం 6:40

నిజమే. 30, 40 గ్రాములు దాటిన తర్వాత మత్తు నీటిలో ముంచి, పొట్టలోకి నూనె ఆధారిత టీకా ఇస్తారు. యంత్రాలూ ఉన్నాయి, చేతితో వేసే బృందాలూ ఉన్నాయి. టీకా వేసిన రోజు పిల్ల మేత ముట్టదు. దీని విలువ చెప్పాలంటే ఒక్క లెక్క చాలు: నార్వే చేపల పెంపకంలో 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు, అప్పటికి ఉత్పత్తి ఇప్పటితో పోలిస్తే చాలా చిన్నది. టీకాలు వచ్చాక ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా, ఇటీవలి చాలా సంవత్సరాల్లో వాడకం ఒక టన్ను లోపే ఉంది. చేపకు మనలాగే యాంటీబాడీలు తయారయ్యే శక్తి ఉంది గనుక ఇది సాధ్యమైంది. రొయ్యకు ఆ శక్తి లేదు, అందుకే మీకు రోగం లేని తల్లి రొయ్యలూ, శుభ్రమైన నీరూ తప్ప దారి లేదు.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 10:00

ఈ మధ్య హేచరీలోనే స్మోల్ట్‌ను పావు కిలో, అర కిలో దాకా పెంచి పంపుతున్నారని చదివాను. అలాగైతే చలికాలం అక్కరలేదని కూడా రాశారు. నిజమేనా?

చలినీళ్లు | మంగళవారం, ఉదయం 11:20

పెద్ద స్మోల్ట్‌ను పంపడం నిజమే, బాబాయి గారూ. సముద్రపు పంజరాల్లో సాల్మన్ ఒంటికి పట్టే పేను ఎక్కువ గనుక అక్కడ ఉండే నెలలను తగ్గించాలని ఆ ఏర్పాటు. కొన్ని హేచరీలు చలికాలం ఇవ్వకుండా, మేతలో లవణాలు కలిపి మొప్పను సిద్ధం చేస్తున్నాయి. ఆ పద్ధతితో మంచి ఫలితాలు వచ్చినచోట్లు నేను చూశాను. కానీ ఎప్పుడూ వెలుతురు, ఎప్పుడూ వెచ్చటి నీరు ఇస్తూ పెద్దవి చేస్తే మగ పిల్లలు కొన్ని తొట్టిలోనే ముందస్తుగా ఈడుకు వచ్చేస్తాయి. వాటి ఒళ్లు నల్లబడి, మాంసం పాలిపోయి, సముద్రానికి పనికిరాకుండా పోతాయి. అందుకని చలికాలాన్ని పూర్తిగా ఎత్తేయడాన్ని నేను సమర్థించను. 1970లో నార్వేలోని హిట్రా ద్వీపంలో గ్రోంట్‌వెట్ సోదరులు పంజరాల్లో పిల్లలను దించినప్పటి నుంచి ఎంపిక ద్వారా చేప పెరుగుదల ఎంతో మారింది గాని, పగటి పొడవును చదివే ఆ గ్రంథి మారలేదు.

తరమణి వాసి | మూడు నెలల తర్వాత, గురువారం, రాత్రి 9:15

అందరికీ మళ్లీ నమస్కారం. ఈ చర్చను మేనేజరు గారికి నా మాటల్లో చెప్పాను. ఆ షెడ్డులో చలికాలం మొదటి రోజు నుంచి మళ్లీ నడిచింది. చీకటి గంటల్లో దీపం వెలగాలంటే ఇప్పుడు హేచరీలో ఇద్దరు అనుమతించాలి. పట్టికను మేము ఇక్కడి నుంచి మార్చలేము. తొట్టి పైన వెలుతురును కొలిచే పరికరాన్ని విడిగా పెట్టారు, ఎందుకంటే "దీపం ఆపు" అని మేము పంపిన ఆజ్ఞకూ, దీపం నిజంగా ఆరిందా లేదా అన్నదానికీ తేడా ఉందని తెలిసింది. పడవ తేదీ, కార్బన్ డయాక్సైడు రెండూ మా తెర మీదికి వచ్చాయి.

మొన్న 20 చేపలను 24 గంటలు ఉప్పునీటిలో ఉంచారు. అన్నీ బతికాయి, రక్తంలో క్లోరైడు సగటు 141 వచ్చింది. మేనేజరు గారు ఒక ఫోటో పంపారు: తడి చేతి తొడుగు మీద ఒక చేప, దాని ఒంటి పక్కల మీద నిలువు మచ్చలు ఒక్కటీ లేవు, తొడుగు వేళ్ల మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి. పడవ వచ్చే మంగళవారం వస్తుంది. రవాణాకు ముందు మేత ఎన్ని రోజులు ఆపాలో మేత యంత్రానికి పెట్టాలి. అక్కా, ఎంత పెట్టమంటారు?

చలినీళ్లు | గురువారం, రాత్రి 9:50

141 చాలా మంచి అంకె, సంతోషం. మీ నీరు 10 డిగ్రీల దగ్గర ఉంటే పొట్ట ఖాళీ కావడానికి రెండు రోజులు చాలు. అయితే అంకెను మీరు పెట్టవద్దు. వారి చేపల వైద్యుడు రాసి ఇచ్చినదే పెట్టండి, పడవ ఆలస్యమైతే మేత మళ్లీ మొదలయ్యేలా కూడా ముందే అడిగి పెట్టుకోండి.